గొంతు మాయం, మ్యూజిక్ మాత్రం ఉంది: క్యాబినెట్ ముందు జాక్‌లపై అపోహలు - వాస్తవాలు

"అన్నా, పాటల మ్యూజిక్ అంతా వస్తుంది, పాడేటోళ్ల గొంతే వస్తలేదు. సౌండ్ కార్డ్ పోయిందంట."

డిగ్రీ చదివే ఒక కుర్రాడు సీపీయూని నా బల్ల మీద పెట్టి చెప్పిన మాట ఇది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సెకండ్ హ్యాండ్ సౌండ్ కార్డ్ కొనుక్కుని, తన పాత క్యాబినెట్ ముందు జాక్‌ల వైర్లను దానికి తనే కలుపుకున్నాడు. ఎవరో చూసి కార్డే మార్చాలన్నారట. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. కోరస్, వయొలిన్లు బోలుగా, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు ఉన్నాయి. గొంతు ఉండాల్సిన చోట ఖాళీ. సైడు రేకు తీసి చూస్తే గ్రౌండ్ అని రాసి ఉన్న నల్ల వైరు 2వ పిన్నుకి బదులు 4వ పిన్నులో ఉంది. మార్చగానే గొంతు వచ్చేసింది.

సినిమా పాటల్లో గొంతును మామూలుగా ఎడమ, కుడి చానెళ్లలో సమానంగా కలుపుతారు. హెడ్‌ఫోన్‌కి గ్రౌండ్ అందకపోతే దాని రెండు స్పీకర్లు సిరీస్‌లో పడిపోతాయి. రెండు చివర్లా ఒకే సిగ్నల్ ఉన్నప్పుడు మధ్యలో కరెంటు పారదు, కాబట్టి గొంతు వినిపించదు. ఎడమకీ కుడికీ తేడాగా ఉన్నది మాత్రమే చెవిన పడుతుంది. ఈ లక్షణం కనిపిస్తే కార్డు కొనకండి, ముందు గ్రౌండ్ వైరు చూడండి.

చిన్న వైరు తప్పుకి మంచి కార్డులు చెత్తబుట్టలోకి పోవడం చాలాసార్లు చూశాను. అందుకే ఈ పని చేస్తూ నేను ఎక్కువగా విన్న అపోహల్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కనెక్టర్ పట్టిందంటే కనెక్షన్ సరైనదే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే.

ముందు జాక్‌ల కోసం మదర్‌బోర్డు మీదా, సౌండ్ కార్డు మీదా ఉండే హెడర్ రెండు వరుసల్లో ఐదేసి పిన్నుల అమరిక. 8వ పిన్ ఉండదు కాబట్టి లెక్కకు తొమ్మిదే. పిన్నుల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు. ఇంటెల్ 1997లో తెచ్చిన ఏసీ 97 పద్ధతికీ, 2004లో తెచ్చిన హెచ్‌డీ ఆడియో పద్ధతికీ ఈ ఆకారం ఒక్కటే. కానీ పిన్నులు చేసే పని వేరు.

ఏసీ 97లో 1 మైక్, 2 గ్రౌండ్, 3 మైక్‌కి పవర్, 4లో 5 వోల్టులు, 5 కుడి చానెల్, 9 ఎడమ చానెల్. 6, 10 పిన్నులు కుడి, ఎడమ సౌండ్‌లు తిరిగి వచ్చే దారులు. 7 సాధారణంగా వాడరు. ఇందులో సౌండ్ ముందు జాక్ దాకా వెళ్లి, అక్కడున్న స్విచ్ గుండా వెనక్కి వచ్చి, అప్పుడు వెనక స్పీకర్లకు చేరుతుంది. ముందు హెడ్‌ఫోన్ గుచ్చితే ఆ స్విచ్ తెరుచుకుని వెనక స్పీకర్లు ఆగిపోతాయి. పాత బోర్డుల్లో 5-6 మధ్య, 9-10 మధ్య చిన్న జంపర్లు (రెండు పిన్నుల్ని కలిపే బుల్లి తొడుగులు) ఉండేది ఇందుకే. ముందు జాక్‌లు కలపకుండా ఆ జంపర్లు పీకేస్తే వెనక సౌండ్ కూడా పోతుంది. "బోర్డ్ సౌండ్ పోయింది" అని నా దగ్గరికి వచ్చిన కొన్ని పాత బోర్డులకు కావాల్సింది రెండు జంపర్లే.

హెచ్‌డీలో 1, 3 పిన్నులు మైక్ ఎడమ, కుడి. 2 గ్రౌండ్. 5 హెడ్‌ఫోన్ కుడి, 9 హెడ్‌ఫోన్ ఎడమ. 4వ పిన్ "ముందు హెచ్‌డీ ప్యానెల్ ఉంది" అని బోర్డుకి చెప్పడానికి. 7, 6, 10 పిన్నుల్లో సౌండ్ అసలు ఉండదు. అవి జాక్‌లో ఏదైనా గుచ్చారా లేదా అని కనిపెట్టే తీగలు. ఇక్కడ స్విచ్ సౌండ్ దారిలో ఉండదు, పక్కన విడిగా ఉంటుంది. ప్లగ్ లోపలికి వెళ్తే కలుస్తుంది, తీస్తే విడిపోతుంది.

అపోహ: పాత క్యాబినెట్ వైర్లు కొత్త కార్డుకి పనికిరావు.

పనికొస్తాయి. విడి వైర్లున్న క్యాబినెట్ అయితే ఇంకా సులువు. ప్రతి వైరు చివర నల్ల ప్లాస్టిక్ తొడుగు మీద చిన్న అక్షరాలు ఉంటాయి. ఫోన్ టార్చ్ వేసి చదవండి. మైక్ వైరు 1కి, గ్రౌండ్ 2కి, మైక్ పవర్ 3కి, కుడి అవుట్ 5కి, ఎడమ అవుట్ 9కి. రిటర్న్ అని రాసి ఉన్న రెండు వైర్లను ఎక్కడా పెట్టకండి. చివర్లకు ఇన్సులేషన్ టేప్ చుట్టి పక్కన కట్టేయండి. "ఖాళీ పిన్నులు ఉన్నాయి కదా" అని వాటిని 6, 10లో పెడితే సౌండ్ తీగ వెళ్లి కనిపెట్టే తీగకు కలుస్తుంది. ఇక హెడ్‌ఫోన్ ఉన్నా లేదని, లేకపోయినా ఉందని కంప్యూటర్ తికమక పడుతుంది.

పాత క్యాబినెట్‌లో కనిపెట్టే తీగలు ఉండవు కాబట్టి ఈ కనెక్షన్‌లో ముందు జాక్‌ని కంప్యూటర్ తనంతట తాను గుర్తించదు. వైర్లు మదర్‌బోర్డు హెడర్‌కి కలిపి ఉంటే, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్‌లో) ఫ్రంట్ ప్యానెల్ టైప్ అనే ఆప్షన్ ఉందేమో చూసి ఏసీ 97 అని మార్చండి. లేదా రియల్‌టెక్ ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ముందు ప్యానెల్ జాక్ డిటెక్షన్ ఆపేయండి.

దీనికి తిరగేసిన పని, అంటే హెచ్‌డీ క్యాబినెట్ కేబుల్‌ని పాత ఏసీ 97 హెడర్‌కి గుచ్చడం మాత్రం చేయొద్దు. హెచ్‌డీ కేబుల్ 4వ తీగను గ్రౌండ్‌కి కలిపి ఉంచుతుంది. ఏసీ 97 హెడర్‌లో అదే 4వ పిన్నులో 5 వోల్టులు ఉంటాయి. ఆ రెండూ కలిస్తే షార్ట్. పైగా సౌండ్ తిరిగి వచ్చే దారి కూడా ఉండదు కాబట్టి వెనక స్పీకర్లు మూగబోతాయి.

అపోహ: ఒకే కేబుల్‌కి రెండు కనెక్టర్లు ఉన్నాయంటే రెండూ పెట్టాలి.

కాదు. చాలా క్యాబినెట్లలో ఒకే కేబుల్ చివర హెచ్‌డీ ఆడియో, ఏసీ 97 అని రెండు కనెక్టర్లు వస్తాయి. బోర్డు ఏదైతే దానికి తగిన ఒక్కటే పెట్టాలి. మదర్‌బోర్డుకి ఒకటి, సౌండ్ కార్డుకి ఒకటి పెట్టి "రెండూ పనిచేస్తాయి" అనుకునేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే రెండు అవుట్‌పుట్‌లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. సౌండ్ తగ్గుతుంది, చీలుతుంది, రెండు యాంప్లిఫయర్ చిప్‌ల మీదా భారం పడుతుంది.

అపోహ: సౌండ్ కార్డ్ పెడితే ముందు జాక్‌ల్లోనూ దాని సౌండే వస్తుంది.

కేబుల్ ఇంకా మదర్‌బోర్డు హెడర్‌లోనే ఉంటే మీరు వింటున్నది మదర్‌బోర్డు సౌండే. వేలు పోసి కార్డ్ కొని, నెలల తరబడి ముందు జాక్‌లో ఆన్‌బోర్డ్ సౌండ్ వింటూ "పెద్ద తేడా ఏం లేదే" అనుకున్నవాళ్లను చూసి బాధ కలిగింది. కేబుల్‌ని అక్కడి నుంచి పీకి కార్డు మీది హెడర్‌కి మార్చాలి. విండోస్‌లో డిఫాల్ట్ డివైస్‌గా కార్డుని ఎంచుకోవాలి. కొన్ని కార్డుల్లో వాటి సొంత సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి ముందు హెడ్‌ఫోన్ అని ఎంచితేనే సౌండ్ అటు వెళ్తుంది. ఆసుస్ జోనార్ కార్డుల్లో ఇలాంటి ఆప్షన్ ఉంది.

కేబుల్ పొడవు ముందే చూసుకోండి. మదర్‌బోర్డు ఆడియో హెడర్ మామూలుగా కింద ఎడమ మూలన ఉంటుంది, క్యాబినెట్ కేబుల్‌ని ఆ దూరానికే కొలిచి ఇస్తారు. కార్డు పై స్లాట్‌లో ఉంటే అందకపోవచ్చు. లాగి బిగించకండి, పది పిన్నుల ఎక్స్‌టెన్షన్ కేబుల్ దొరుకుతుంది. ఇక అన్ని కార్డులకూ ఈ హెడర్ ఉండదు. సౌండ్ బ్లాస్టర్ లైవ్, ఆడిజీ కాలంలో ముందు జాక్‌ల కోసం డ్రైవ్ బేలో (క్యాబినెట్ ముందు సీడీ డ్రైవ్ కూర్చునే గూటిలో) పెట్టే విడి పెట్టె రిబ్బన్ కేబుల్‌తో వచ్చేది. ఆ రిబ్బన్ సాకెట్‌లో క్యాబినెట్ కనెక్టర్‌ని ఇరికించొద్దు.

అపోహ: హెడ్‌ఫోన్ పెట్టినా గుర్తించట్లేదంటే జాక్ పోయింది.

హెచ్‌డీలో గుర్తింపు ఎలా జరుగుతుందో తెలిస్తే ఈ తీర్పు అంత తొందరగా ఇవ్వం. ప్లగ్ గుచ్చగానే జాక్‌లోని స్విచ్ ఒక రెసిస్టర్‌ని సర్క్యూట్‌లోకి తెస్తుంది. ఒక్కో జాక్‌కి ఒక్కో విలువ: 5.1, 10, 20, 39.2 కిలో ఓమ్‌లు. వచ్చిన విలువను కొలిచి ఏ జాక్‌లో ప్లగ్ ఉందో సౌండ్ చిప్ తేల్చుకుంటుంది. రెండు మూడు జాక్‌ల్లో ఒకేసారి ప్లగ్‌లున్నా ఈ లెక్కతోనే విడదీస్తుంది. కాబట్టి 7వ పిన్ తీగ ఒక్కటి వదులైతే ముందు రెండు జాక్‌లూ "ఖాళీ" అనే కనిపిస్తాయి. సౌండ్ తీగలు బాగానే ఉంటాయి, జాక్ కూడా బాగానే ఉంటుంది.

నేను చేసే పరీక్ష చెప్తాను. మీ దగ్గర మామూలు మల్టీమీటర్ ఉంటే చాలు. కంప్యూటర్ ఆపి, గోడ దగ్గర ప్లగ్ పీకి, కేబుల్‌ని హెడర్ నుంచి తీసేస్తాను. రెండు చివర్లా 3.5 ఎంఎం పిన్ ఉన్న ఆక్స్ వైరుని ముందు హెడ్‌ఫోన్ జాక్‌లో గుచ్చుతాను. దాని రెండో చివర ఇప్పుడు నా చేతిలో ఉంటుంది. మీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, ఒక ప్రోబ్ ప్లగ్ కొనకు ఆనించి, రెండో ప్రోబ్‌తో కనెక్టర్ రంధ్రాలను ఒక్కొక్కటిగా తడుముతాను. కొన ఎడమ చానెల్, 9లో మోగాలి. మధ్య రింగు కుడి, 5లో మోగాలి. ప్లగ్ మొదట్లో ఉన్న భాగం గ్రౌండ్, 2లో మోగాలి. తర్వాత 7కీ 10కీ మధ్య చూస్తాను. ప్లగ్ లోపల ఉంటే మోగాలి, బయటకు లాగితే ఆగాలి. మైక్ జాక్‌కైతే 7కీ 6కీ మధ్య ఇదే. ఐదు నిమిషాల్లో తప్పు జాక్‌లోనా, కేబుల్‌లోనా, బోర్డులోనా అన్నది తేలిపోతుంది.

అపోహ: ముందు జాక్‌లో గీ మనే శబ్దం వస్తే కార్డు చవకది.

అదే హెడ్‌ఫోన్‌ని వెనక జాక్‌లో పెట్టి వినండి. అక్కడ ప్రశాంతంగా ఉంటే కార్డు తప్పు లేదు. ముందు కేబుల్ క్యాబినెట్ మొత్తం దాటుకుంటూ వెళ్తుంది, చవక క్యాబినెట్లలో దానికి షీల్డింగ్, అంటే బయటి విద్యుత్ గోలను అడ్డుకునే లోహపు తొడుగు, ఉండదు. గ్రాఫిక్స్ కార్డు పక్క నుంచీ, ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) వైర్ల కట్టలోంచీ పోతుంటే మౌస్ కదిపినా చెవిలో చిరచిరలాడుతుంది. రేకు వారగా వేరే దారిలో తిప్పితే చాలాసార్లు తగ్గిపోతుంది. జాక్ గ్రౌండ్ ముందు రేకుకి తగులుతోందేమో కూడా చూడండి. తగిలితే గ్రౌండ్‌కి రెండు దారులై హమ్ (ఆగకుండా గుయ్ మనే మోత) వస్తుంది.

ఇంకొకటి మన ఇళ్లలో మరీ ఎక్కువ. మూడు పిన్నుల ప్లగ్‌కి రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించి వాడతారు, లేదంటే సాకెట్‌లో ఎర్త్ పిన్ ఉంటుంది గానీ లోపల వైరే ఉండదు. ఎర్త్ లేకపోతే ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ రేకుకి లీకేజీ వస్తుంది. ముట్టుకుంటే చిమచిమలాడేది అదే. ముందు జాక్ నుంచి హోమ్ థియేటర్‌కి వైరు ఇస్తే అది హమ్‌గా వినిపిస్తుంది. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి, మనుషులకూ అది అవసరం.

అపోహ: ఫోన్ ఇయర్‌ఫోన్స్ మైక్ పనిచేయకపోతే వైరింగ్ తప్పు.

ఫోన్ ఇయర్‌ఫోన్స్ పిన్ మీద మూడు నల్ల గీతలుంటే అది నాలుగు భాగాల పిన్. క్యాబినెట్‌లో మైక్, హెడ్‌ఫోన్ జాక్‌లు విడివిడిగా ఉంటే ఒక్కోటి మూడు భాగాలదే. వినిపిస్తుంది, మైక్ అందదు. రెండు పిన్నుల స్ప్లిటర్ కొంటే సరిపోతుంది.

అపోహ: షట్‌డౌన్ చేస్తే చాలు, వైర్లు మార్చుకోవచ్చు.

షట్‌డౌన్ అయ్యాక కూడా ఎస్ఎంపీఎస్ నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై బోర్డుకి వస్తూనే ఉంటుంది. కొన్ని బోర్డుల మీద వెలుగుతూ ఉండే చిన్న లైటు చెప్పేది అదే. గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి ఆ తర్వాతే చేయి పెట్టండి. ఆడియో హెడర్ పక్కనో, కాస్త దూరంలోనో అదే సైజు యూఎస్‌బీ హెడర్లు ఉంటాయి. వాటిలో లేనిది 9వ పిన్, ఆడియోలో లేనిది 8వ పిన్. యూఎస్‌బీ 1, 2 పిన్నుల్లో 5 వోల్టులుంటాయి. విడి వైర్లకు అడ్డుకునే రంధ్రం ఉండదు కాబట్టి చీకట్లో తడిమి పెడితే మైక్, గ్రౌండ్ వైర్లు నేరుగా ఆ 5 వోల్టుల మీదికి వెళ్లిపోతాయి. బోర్డు మీద హెడర్ పక్కన అచ్చేసిన పేరు చదివి, లేని పిన్ ఏదో లెక్కపెట్టి, అప్పుడు పెట్టండి. నేను ఇప్పటికీ ప్రతిసారీ లెక్కపెడతాను.