లెస్టర్‌కు ఇచ్చిన ఆ ఆఫర్: రెడ్ సాక్స్ గొడవకు మూలం 2014లోనే ఉంది

బేస్‌బాల్ ఆటగాడు అలెక్స్ బ్రెగ్‌మన్ బోస్టన్ రెడ్ సాక్స్ జట్టును వదిలి వెళ్లిపోయాడు. 2026 జనవరిలో షికాగో కబ్స్‌తో 5 ఏళ్లకు 17.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు కుదుర్చుకున్నాడు. ఆ వార్త వచ్చినప్పటి నుంచి రెడ్ సాక్స్ అభిమానులు ఒకరి మీద ఒకరు విరుచుకుపడుతున్నారు. ఫ్రంట్ ఆఫీస్ మళ్లీ బేరాలాడి మంచి ఆటగాణ్ణి పోగొట్టిందని ఒక వర్గం కోపం. 31 ఏళ్లు నిండినవాడికి ఐదేళ్ల కాంట్రాక్టు ఎందుకు, పోతే పోనీ అని రెండో వర్గం వాదన. ఫ్రంట్ ఆఫీస్ అంటే ఆటగాళ్లను తెచ్చేది, పంపేది, జీతాలు తేల్చేది. మైదానంలో కనిపించకపోయినా జట్టు తలరాత రాసేది ఆ గదిలోనే.

బేబ్ రూత్‌ను న్యూయార్క్‌కు అమ్మేయడం, ఎనభై ఆరేళ్ల శాపం, 2004లో అది తీరిపోవడం బేస్‌బాల్ చూసేవాళ్లందరికీ కంఠతా వచ్చిన కథలు. వాటి జోలికి వెళ్లను. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే 2014 వసంతానికి వెళ్లాలి. ఫ్లోరిడాలోని ఫోర్ట్ మైయర్స్‌లో, సీజన్ ముందు ప్రాక్టీస్ శిబిరం జరుగుతున్న రోజుల్లో, జాన్ లెస్టర్ అనే పిచర్ (బంతి విసిరేవాడు) ముందు రెడ్ సాక్స్ యాజమాన్యం ఒక ఆఫర్ పెట్టింది. నాలుగేళ్లు, 7 కోట్ల డాలర్లు. ఆ తర్వాత ఈ జట్టులో జరిగిన చాలా అనర్థాలకు దారి అక్కడే పడిందని నా నమ్మకం.

ఐపీఎల్‌కు అలవాటుపడినవాళ్లకు ఒక తేడా చెప్పాలి. ఇక్కడ మన దగ్గరలా ఆటగాళ్లకు వేలం జరగదు. జట్టు ఇంతకు మించి ఖర్చుపెట్టకూడదన్న కచ్చితమైన హద్దూ లేదు. ఒక గీత ఉంటుంది, అది దాటితే లగ్జరీ ట్యాక్స్ కట్టాలి. పెద్ద లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండిన ఆటగాడు, కాంట్రాక్టు అయిపోగానే ఫ్రీ ఏజెంట్ అవుతాడు. అంటే ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చు. కాబట్టి సొంతంగా పెంచుకున్న ఆటగాడు బయటి మార్కెట్‌కు వెళ్లకముందే పిలిచి కూర్చోబెట్టి మాట్లాడుకోవడం తెలివైన పని. ఒకసారి మార్కెట్లోకి వెళ్లాడంటే రేటు మన చేతుల్లో ఉండదు.

లెస్టర్ సొంతంగా పెంచుకున్న ఆటగాడే. 2002 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునేచోట, బోస్టన్ ఎంపిక చేసుకుంది. 2006లో, పెద్ద లీగ్‌లోకి వచ్చిన మొదటి ఏడాదే, లింఫోమా అనే క్యాన్సర్ బయటపడింది. 22 ఏళ్ల కుర్రాడు కీమోథెరపీ చేయించుకుని 2007 జులైలో తిరిగొచ్చాడు. అదే ఏడాది కప్పు తేల్చే వరల్డ్ సిరీస్ ఆఖరి మ్యాచ్‌లో పిచింగ్ మొదలుపెట్టి గెలిపించాడు. 2008 మేలో సొంత మైదానం ఫెన్‌వే పార్క్‌లో కాన్సస్ సిటీకి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ పూర్తిచేశాడు. ఇక 2013 వరల్డ్ సిరీస్‌లో సెయింట్ లూయిస్ మీద రెండు మ్యాచ్‌లు ఆడి రెండూ గెలిచాడు. పదిహేనుకు పైగా ఇన్నింగ్స్‌లో ఇచ్చింది ఒకే ఒక్క పరుగు. ఆ ఊరు అతన్ని ఇంటి పిల్లాడిలా చూసుకుంది. ఆస్పత్రి మంచం మీద నుంచి లేచొచ్చి కప్పు తెచ్చినవాణ్ణి మరెలా చూస్తుంది?

2014 జనవరిలో బోస్టన్ బేస్‌బాల్ రచయితల విందుకు వచ్చినప్పుడు లెస్టర్ తనంతట తానే చెప్పాడు. ఇక్కడే ఉండాలని ఉంది, దానికోసం బయట వచ్చేదానికన్నా తక్కువకు సంతకం చేయడానికైనా సిద్ధమే అన్నాడు. అంతకు ఆరు నెలల ముందు జట్టు సహచరుడు డస్టిన్ పెడ్రోయా అలాగే 8 ఏళ్లకు 11 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నాడు. ఏ యాజమాన్యానికైనా ఇంతకన్నా మంచి మాట వినబడుతుందా? ఇంటికొచ్చిన లక్ష్మికి పీట వేయాల్సింది పోయి ఏడు కోట్ల కాగితం చేతిలో పెట్టారు.

ఆ అంకె ఎంత చిన్నదో తెలియాలంటే అదే చలికాలం జరిగిన మిగతా ఒప్పందాలు చూడాలి. పిచర్ క్లేటన్ కెర్షాకు లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్ 7 ఏళ్లకు 21.5 కోట్లు ఇచ్చింది. సరే, అతను ఆ తరంలోనే అందరికన్నా గొప్పవాడు, వదిలేద్దాం. సిన్సినాటి జట్టు పిచర్ హోమర్ బెయిలీకి 6 ఏళ్లకు 10.5 కోట్లు ఇచ్చింది. వరల్డ్ సిరీస్‌లో ఒక్క మ్యాచ్ కూడా మొదలుపెట్టని బెయిలీ కన్నా, రెండు కప్పులు తెచ్చిన లెస్టర్‌కు మూడున్నర కోట్లు తక్కువ. డిస్కౌంట్ ఇస్తానన్నవాడికి ఇది డిస్కౌంట్‌లా అనిపించదు, అవమానంలా అనిపిస్తుంది. సీజన్ మొదలయ్యాక మాటలు ముందుకు సాగలేదు.

యాజమాన్యం అలా ఎందుకు చేసిందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇవాళ రెండో వర్గం వాళ్లు చెప్పేది కూడా దాదాపు అదే. ఓనర్ జాన్ హెన్రీ కమోడిటీ ట్రేడింగ్‌లో లెక్కలు నమ్ముకుని డబ్బు సంపాదించిన మనిషి. ముప్ఫై దాటిన ఆటగాళ్లకు పొడవాటి కాంట్రాక్టులు ఇస్తే నష్టమే అని ఆయన బాహాటంగానే చెప్పాడు. దానికి ఆయన దగ్గర సొంత అనుభవం ఉంది. కార్ల్ క్రాఫర్డ్‌కు 7 ఏళ్లకు 14.2 కోట్లు ఇచ్చి చేతులు కాల్చుకున్నారు. 2012 ఆగస్టులో క్రాఫర్డ్‌ను, ఏడ్రియన్ గొంజాలెజ్‌ను, జాష్ బెకెట్‌ను కలిపి డాడ్జర్స్‌కు పంపేసి 25 కోట్లకు పైగా భారం దించుకున్నారు. మిగిలిన డబ్బుతో మైక్ నపోలీ, షేన్ విక్టోరినో, జానీ గోమ్స్, కోజీ ఉయెహారా లాంటివాళ్లను చిన్న కాంట్రాక్టులకు తెచ్చి 2013లో కప్పు కొట్టారు. అంతకు ముందేడాది ఆఖరి స్థానంలో ఉన్న జట్టు అది. ఆ చలికాలమే న్యూయార్క్ యాంకీస్ దగ్గరకు 15.3 కోట్లకు వెళ్లిన జాకబీ ఎల్స్‌బరీ గాయాలతో సగం కాలం ఆడనే లేదు కాబట్టి, ఆ ఒక్క విషయంలో వాళ్ల లెక్క నిజమే అయింది.

కానీ 2013 కప్పు నుంచి వాళ్లు సగం పాఠమే నేర్చుకున్నారు. చిన్న కాంట్రాక్టుల మీద వచ్చినవాళ్లు ఆ జట్టుకు బలం తెచ్చిన మాట వాస్తవం. వాళ్లు నిలబడింది మాత్రం లెస్టర్, పెడ్రోయా, ఎల్స్‌బరీ, డేవిడ్ ఓర్టిజ్ వేసిన పునాది మీద. పునాదికి పెట్టే ఖర్చునూ గోడకు వేసే రంగు ఖర్చునూ ఒకే పద్దులో రాశారు. బయటి నుంచి కొనే ముప్ఫై ఏళ్లవాడికీ, పద్దెనిమిదేళ్లప్పటి నుంచి శరీరం, అలవాట్లు, ఒత్తిడిలో ఎలా ఉంటాడో తెలిసిన ముప్ఫై ఏళ్లవాడికీ తేడా ఉంటుంది. ఆ తేడా వాళ్ల లెక్కలో ఏ వరుసలోనూ లేదు.

లెస్టర్ ఆ సీజన్ మొదటి నాలుగు నెలలు కెరీర్‌లోనే గొప్పగా ఆడాడు. బోస్టన్ తరఫున ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ ఇచ్చే సగటు పరుగులు, తక్కువైతేనే మేలు) 2.52. ప్రతి మ్యాచ్‌కూ అతని రేటు పెరుగుతూ పోయింది. జట్టు మాత్రం పట్టికలో కిందికి జారిపోయింది. జులై 30న అతను వేయాల్సిన మ్యాచ్ నుంచి పక్కన పెట్టారు. మర్నాడు గోమ్స్‌తో పాటు ఓక్‌లాండ్‌కు పంపేసి యోయెనిస్ సెస్పెడెస్‌ను తెచ్చారు. సీజన్ 71 గెలుపులతో ఆఖరి స్థానంలో ముగిసింది.

ఆ చలికాలం సంగతి ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి పాబ్లో సాండోవాల్‌ను 9.5 కోట్లకు, డాడ్జర్స్ నుంచి హాన్లీ రమీరెజ్‌ను 8.8 కోట్లకు తెచ్చారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటే ఇదే. ఇద్దరికీ కలిపి 18 కోట్లు దాటింది. లెస్టర్ కోసం కూడా మళ్లీ ప్రయత్నించి, 6 ఏళ్లకు 13.5 కోట్ల దాకా వచ్చారని వార్తలొచ్చాయి. వసంతంలో ఏడు, చలికాలానికి పదమూడున్నర! కబ్స్ 15.5 కోట్లు ఇచ్చింది. అక్కడ కూర్చున్నది థియో ఎప్‌స్టీన్, బోస్టన్‌లో లెస్టర్‌ను దగ్గర్నుంచి చూసిన పాత జనరల్ మేనేజర్. రెండు కోట్ల తేడా గురించి కాదు, ఎనిమిది నెలల ఆలస్యం గురించి ఆలోచించాలి. వసంతంలోనే సరైన మాట వచ్చి ఉంటే ఈ పోటీయే ఉండేది కాదు.

ఆ తర్వాతిది గొలుసు. ఒక లింకు తర్వాత ఒకటి లాగితే బయటికి వస్తుంది. లెస్టర్ లేని 2015లో జట్టు మళ్లీ ఆఖరి స్థానం. జనరల్ మేనేజర్ బెన్ చెరింగ్టన్ వెళ్లిపోయాడు, డేవ్ డొంబ్రౌస్కీ వచ్చాడు. నంబర్ వన్ పిచర్ లేని లోటు తీర్చుకోవడానికి డిసెంబరులో డేవిడ్ ప్రైస్‌ను 7 ఏళ్లకు 21.7 కోట్లకు తెచ్చారు. అప్పటికి ప్రైస్ వయసు ముప్ఫై, అంటే లెస్టర్‌కు వద్దన్న వయసే. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నారు. సాండోవాల్ మూడో ఏడు నిండకుండానే జట్టులోంచి వెళ్లిపోయాడు, మిగతా జీతం ఊరికే కట్టారు. 2018లో ప్రైస్ కూడా ఆడి కప్పు గెలిచిన మాట కాదనను. కానీ బిల్లులన్నీ కలిసి లగ్జరీ ట్యాక్స్ మోయలేనంత అయ్యాయి. 2019 సెప్టెంబరులో డొంబ్రౌస్కీని తీసేశారు. 2020 ఫిబ్రవరిలో, గీత కిందికి రావడానికి, ప్రైస్‌ను మూకీ బెట్స్‌తో కలిపి డాడ్జర్స్‌కు పంపేశారు. ప్రైస్ జీతంలో సగం బోస్టనే కట్టింది.

బెట్స్ ట్రేడ్ గురించి రాయని వాళ్లు లేరు కాబట్టి ఎక్కువ చెప్పను. 2018లో లీగ్ ఉత్తమ ఆటగాడు (ఎంవీపీ), సొంత డ్రాఫ్ట్ కుర్రాడు. డాడ్జర్స్ ఆ జులైలోనే 12 ఏళ్లకు 36.5 కోట్లకు సంతకం చేయించుకుని అతనితో మూడు కప్పులు కొట్టింది. బదులుగా వచ్చిన ముగ్గురిలో ఇప్పటికి మిగిలింది క్యాచర్ కానర్ వాంగ్ ఒక్కడే. అందరూ బెట్స్ దగ్గర మొదలుపెట్టి యాజమాన్యాన్ని తిడతారు. నాకు మాత్రం బెట్స్ ఈ గొలుసులో మూడో లింకు. మొదటిది లెస్టర్, రెండోది ప్రైస్.

ఇక్కడే పెరిగిన జాండర్ బోగార్ట్స్ విషయంలో 2014 మళ్లీ జరిగింది. 2022 వసంతంలో పాత కాంట్రాక్టుకు ఒక్క ఏడాది, 3 కోట్ల డాలర్లు కలుపుతామన్నారని వార్తలొచ్చాయి. డిసెంబరులో అతను శాన్‌డియేగోకు 11 ఏళ్లకు 28 కోట్లకు వెళ్లాడు. ఆ మొత్తం ఎక్కువే, నేనైనా ఇవ్వను. కానీ వసంతంలో అంత తక్కువ చెప్పకపోతే అక్కడి దాకా వెళ్లేదే కాదు. ఊరంతా మండిపోతుంటే నెల తిరక్కుండా థర్డ్ బేస్ దగ్గర ఆడే రఫాయెల్ డెవర్స్‌కు 10 ఏళ్లకు 31.35 కోట్లు ఇచ్చారు. అది కోపం చల్లార్చడానికి తొందరలో చేసిన సంతకం అని అప్పుడే చాలామందికి అనిపించింది.

డెవర్స్ నుంచి నేరుగా బ్రెగ్‌మన్ దగ్గరికి రావచ్చు. 2025 ఫిబ్రవరిలో బ్రెగ్‌మన్‌ను 3 ఏళ్లకు 12 కోట్లకు తెచ్చారు. ప్రతి ఏడాదీ బయటికెళ్లే హక్కు అతనికి ఇచ్చారు. అతను వచ్చేసరికి డెవర్స్ థర్డ్ బేస్ పోయింది. బ్యాటింగ్ మాత్రమే చేయమన్నారు. మేలో ట్రిస్టన్ కాసస్ గాయపడ్డాక ఫస్ట్ బేస్ ఆడమన్నారు, డెవర్స్ కుదరదన్నాడు. జూన్ 15న, యాంకీస్‌ను ఫెన్‌వేలో మూడుకు మూడు ఓడించిన రోజే, అతన్ని శాన్‌ఫ్రాన్సిస్కోకు పంపేశారు. పదేళ్ల కాంట్రాక్టులో రెండో ఏడు కూడా పూర్తికాలేదు.

ఇప్పుడు యాజమాన్యం పక్షాన ఉన్న బలమైన మాట ఒకటుంది. ఫ్రంట్ ఆఫీస్ అధిపతిగా క్రెయిగ్ బ్రెస్లో వచ్చాక కుర్రాళ్లతో ముందే ఒప్పందాలు చేసుకుంటున్నారు. గారెట్ క్రోషేకు 6 ఏళ్లకు 17 కోట్లు, రోమన్ ఆంథనీకి 8 ఏళ్లకు 13 కోట్లు. లెస్టర్ విషయంలో జరిగిన తప్పు నుంచి నేర్చుకున్నట్టే కనిపిస్తుంది. 2025లో 89 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్‌కు కూడా వెళ్లారు. ఇది మంచి మార్పే.

అయితే బ్రెగ్‌మన్ దగ్గర ఆగిపోయింది ఏమిటో చూడండి. బోస్టన్ చెప్పిన మొత్తం కబ్స్ ఇచ్చినదానికి దగ్గరగానే ఉందని వార్తలొచ్చాయి. అతను గట్టిగా అడిగింది నో ట్రేడ్ క్లాజ్, అంటే తన అనుమతి లేకుండా వేరే జట్టుకు పంపకూడదన్న షరతు. బోస్టన్ ఇవ్వలేదు, కబ్స్ ఇచ్చింది. డబ్బు లేక అన్న మాట నిలబడదు, ఎందుకంటే వారం తిరక్కుండానే రేంజర్ సువారెజ్ అనే ముప్ఫై ఏళ్ల పిచర్‌ను 5 ఏళ్లకు 13 కోట్లకు తెచ్చుకున్నారు. పక్క లాకర్‌లో ఉన్న డెవర్స్‌ను పదేళ్ల సంతకం తర్వాత ఎలా పంపేశారో బ్రెగ్‌మన్ కళ్లారా చూశాడు. అలాంటివాడు కుటుంబంతో ఆ ఊళ్లో ఇల్లు కట్టుకునే ముందు ఆ హామీ అడగడం అత్యాశ కాదు.

2014 డిసెంబరులో లెస్టర్‌కు ఎప్‌స్టీన్ ఇచ్చిన కాంట్రాక్టులో కూడా నో ట్రేడ్ క్లాజ్ ఉంది. రెండేళ్ల తర్వాత కప్పు కోసం కబ్స్ 108 ఏళ్ల నిరీక్షణ ముగిసిన రాత్రి, ఏడో మ్యాచ్‌లో మధ్యలో దిగి మూడు ఇన్నింగ్స్ వేసింది ఆ లెస్టరే. ఎప్‌స్టీన్ 2024 ఫిబ్రవరిలో మళ్లీ బోస్టన్ వచ్చాడు. రెడ్ సాక్స్ ఓనర్ల సంస్థలో ఇప్పుడు సలహాదారు, చిన్న వాటాదారు కూడా.