చర్మంలోకా, చర్మం గుండానా: కొవ్వు తిత్తుల వెనుక నలభై ఏళ్ల వాదం

చర్మంపై రాసిన మందుకు మొదట అడ్డుపడేది స్ట్రాటమ్ కార్నియం అనే పైపొర. దాని మందం సుమారు 10 నుంచి 20 మైక్రోమీటర్లే అయినా, ప్రాణం లేని చదునైన కణాలు ఇటుకల్లా, వాటి మధ్య కొవ్వు పదార్థాలు సున్నంలా అమరి ఉండడం వల్ల, 500 డాల్టన్లకు (అణుభారపు కొలమానం) మించిన అణువులు సాధారణంగా దాన్ని దాటలేవు. 1979లో అమెరికాలో ప్రయాణపు వాంతులను ఆపే స్కోపొలమిన్ మందు పట్టీకి ఆమోదం లభించడంతో చిన్న అణువులకు దారి దొరికింది కానీ, ఇన్సులిన్ వంటి పెద్ద అణువులు బయటే ఉండిపోయాయి.

ఆ లోటు తీర్చగలవని ఆశ కలిగించిన లైపోజోములు అనే సూక్ష్మమైన కొవ్వు తిత్తులు చర్మం కోసం పుట్టినవి కావు. నీటిలో కలిపిన ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు పదార్థాలు తమంతట తామే మూసుకుని పొరలు పొరల తిత్తులుగా మారతాయని 1960లలో కేంబ్రిడ్జి సమీపంలోని బాబ్రహామ్‌లో అలెక్ బాంగ్హామ్ బృందం గుర్తించింది. 1980లో మెజీ, గులశేఖరం అనే పరిశోధకులు కుందేళ్ల చర్మంపై ట్రయామ్సినొలోన్ అనే స్టిరాయిడ్ మందును ఈ తిత్తుల్లో పెట్టి రాసినప్పుడు, మామూలు లోషన్‌తో పోలిస్తే చర్మపు పొరల్లో మందు నాలుగైదు రెట్లు ఎక్కువగా నిలిచింది. శరీరంలోకి ఎక్కువ మందు చేరిందని ఆ ప్రయోగం చెప్పలేదు. చర్మంలో నిలవడం వేరు, చర్మం గుండా రక్తంలోకి పోవడం వేరు. తర్వాతి చర్చల్లో ఈ తేడా పదేపదే మరుగున పడిందన్నది నా అభిప్రాయం.

అయాన్ రహిత (విద్యుదావేశం లేని) సర్ఫాక్టెంట్లతో, అంటే సబ్బులా నూనెనూ నీటినీ కలిపే పదార్థాలతో, చేసిన నియోజోములు అనే తిత్తులు సౌందర్య సాధనాల్లోకి త్వరగా చేరాయి. వాదం ముదిరింది మాత్రం 1990లలో, గ్రెగర్ సెవ్క్ అనే పరిశోధకుడు తెచ్చిన ట్రాన్స్‌ఫర్‌సోములు అనే మెత్తని తిత్తులతో. సోడియం కోలేట్ వంటి సర్ఫాక్టెంట్ పొరను మెత్తబరచడం వల్ల ఈ తిత్తులు తమకన్నా ఇరుకైన సందుల్లో కూడా పగలకుండా దూరగలవనీ, పొడిగా ఉండే చర్మపు ఉపరితలం నుంచి తడి ఎక్కువగా ఉండే లోపలి పొరల వైపు నీటి వ్యత్యాసమే వాటిని లాగుతుందనీ ఆయన వాదించారు. ఆ లెక్కన చర్మాన్ని గాలి తగలకుండా కప్పేస్తే వాటి శక్తి తగ్గాలి. చర్మాన్ని కప్పి ఉంచి మందును లోపలికి పంపే పట్టీల తర్కానికి ఇది పూర్తిగా విరుద్ధం. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో ఎల్కా టూయిటు రూపొందించిన ఎథోజోములది మరో మార్గం: వాటిలో సుమారు 20 నుంచి 45 శాతం ఉండే ఇథనాల్ (ఆల్కహాల్) తిత్తినీ, చర్మంలోని కొవ్వునూ కూడా వదులు చేస్తుంది.

తిత్తి చెక్కుచెదరకుండా లోపలికి పోతోందా, లేక పైపొరల్లోనే విచ్చుకుని, దాని కొవ్వు చర్మపు కొవ్వుతో కలిసి, మందు ఒక్కటే ముందుకు సాగుతోందా అన్న ప్రశ్నపై పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు. అందుకే కొత్త మిశ్రమాన్ని మామూలు క్రీముతో మాత్రమే పోల్చి గెలిచిందనడం చాలదు. అదే కొవ్వు, అదే సర్ఫాక్టెంట్, అదే ఇథనాల్ ఉన్నా తిత్తిగా కూడని మిశ్రమంతోనూ, మందు లేని ఖాళీ తిత్తులతోనూ పోల్చి చూపాలి.