గడ్డిని చెట్టన్న చట్టం

వెదురు బొంగును నిలువునా చీల్చితే లోపల చాలావరకు బోలు. చెట్టు మానులో కనిపించే వలయాలు లేవు, చేవ లేదు. నేలలోంచి పిలక ఎంత లావున పొడుచుకొస్తే ముదిరినా దాదాపు అంతే లావు. ఇదీ గడ్డి జాతే; వరి, చెరకు దీని దాయాదులు. తట్టలల్లే మేదరికీ, వృక్షశాస్త్రం చదివినవారికీ ఇది తెలిసిన సంగతే. మన అటవీ చట్టం మాత్రం తొంభై ఏళ్లపాటు వెదురు చెట్టేనంది.

బ్రిటిష్ సర్కారుకు అడవి అంటే ముందు కలప. రైలు పట్టాల కింద స్లీపర్లకు అదే ఆధారం. 1865లో ఒక చట్టం, 1878లో ఇంకా గట్టిది, చివరికి 1927లో భారత అటవీ చట్టం తెచ్చారు. ఈ చివరిదాని సెక్షన్ 2లోనే ఉంది తిరకాసంతా. 'చెట్టు' అన్న మాట కింద తాటి జాతినీ, వెదురునూ, మోళ్లనూ, పొదలనూ, పేమునూ కలిపేశారు. నరికినా, పడిపోయినా చెట్టు కలప అవుతుందని పక్కనే రాశారు. కలప ఎక్కడ దొరికినా, అడవిలోంచి రాకపోయినా, అటవీ ఉత్పత్తేనని ఇంకోచోట. మూడూ కలిపి చదివితే, పెరటి వెదురు కూడా కత్తి పడగానే అటవీ ఉత్పత్తి అయిపోయేది! లారీ ఎక్కించాలంటే రవాణా పర్మిట్ కావాల్సొచ్చేది. కొన్ని రాష్ట్రాలు మినహాయింపులిచ్చాయి గానీ, సరిహద్దు చెక్‌పోస్టు దాటేదాకానే వాటి విలువ.

కాగితం మిల్లులకు ఈ టెన్షన్ లేదు. కర్ణాటకలో దండేలి మిల్లుకు టన్ను వెదురు రూపాయిన్నరకే ఇచ్చారని పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ రాశారు. బుట్టలల్లేవాళ్లు మాత్రం బజారు ధరకే కొనుక్కోవాల్సొచ్చేది.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా, అంటే కలప కాని, అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. అంటే ఒక చట్టంలో చెట్టు, ఇంకో చట్టంలో కాదు. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా మెండా లేఖా గ్రామానికి 2009లోనే దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కులొచ్చినా వెదురు అమ్ముకోవడానికి రవాణా పాసులు రాలేదు. 2011 ఏప్రిల్ 27న అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ ఊరికి వచ్చి రవాణా పాసుల పుస్తకం గ్రామసభ చేతికిప్పించాకే దారి తెరుచుకుంది. ఒక పుస్తకం కోసం మంత్రి రావాల్సొచ్చింది!

అసలు మార్పు 2017 నవంబర్ 23న ఆర్డినెన్స్‌గా వచ్చి, ఆ డిసెంబర్లో పార్లమెంటు ఆమోదం పొందింది. 1927 చట్టంలో 'చెట్టు' నిర్వచనంలోంచి 'వెదురు' అన్న ఒక్క మాట తీసేశారు, అంతే. పొలాల్లో వెదురు పెంచేవారికి ఊరట కోసమని కేంద్రం చెప్పింది. అడవిలోంచి తెచ్చే వెదురు ఇప్పటికీ అటవీ ఉత్పత్తే.

ఈలోగా వెదురుతో చేసే అగరబత్తి పుల్లలు వియత్నాం, చైనాల నుంచి దిగుమతయ్యాయి. 2020 జూన్‌లో వాటిపై సుంకం 10 నుంచి 25 శాతానికి పెంచారు. మనకు వెదురు లేక కాదు: 2017 అటవీ సర్వే లెక్క ప్రకారం దేశంలో వెదురున్న విస్తీర్ణం కోటీ 56 లక్షల హెక్టార్లకు పైనే.

తెలుగువారికి ఇంకో మెలిక ఉంది. మన దగ్గర నడిచేది 1927 చట్టం కాదు, 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం. విభజన తర్వాత తెలంగాణ కూడా దాన్నే తీసుకుంది. ఢిల్లీలో ఒక మాట కొట్టేస్తే ఇక్కడి చట్టం దానంతటది మారదు. గట్టు మీద వెదురు వేసుకున్న రైతు కత్తి పట్టేముందు చూసుకోవాల్సింది తన రాష్ట్రం ఇచ్చిన జీవోలనే.