లాతో పాటు సైకాలజీ: ఆరో నిబంధన వెనక కథ

లాసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో అమలాపురం నెట్ సెంటర్‌లో కాసేపు కూర్చుంటే ఈ మాట వినబడుతుంది: "అమ్మాయి లాలో చేరుతూనే సైకాలజీ డిగ్రీ కూడా కట్టేయొచ్చాండీ? రెండూ ఒకేసారి చదవొచ్చంటున్నారుగా!"

అలా అన్నది యూనివర్సిటీ చదువుల్ని నియంత్రించే యూజీసీ, 2022 ఏప్రిల్‌లో. ఆయా వృత్తి చదువుల్ని చూసే కౌన్సిళ్ల నిబంధనలకు లోబడే అని అందులోనే ఓ వాక్యం ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. లా చదువు మీద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకీ పెత్తనం ఉంది. దాని 2008 నిబంధనల్లో ఆరోది, లా చదువుతూ మరో రెగ్యులర్ కోర్సులో చేరకూడదంటుంది. ఆ సంగతి మరిచిపోయారనుకుందో ఏమో, 2024 సెప్టెంబరులో అలా మరో కోర్సు చదవట్లేదని విద్యార్థుల దగ్గర డిక్లరేషన్ తీసుకోమని కాలేజీలకు చెప్పింది. టెన్షన్ మాత్రం తల్లిదండ్రులకు మిగిలింది.

చిత్రమేమిటంటే ఈ రెండు చదువులకీ చుట్టరికం చాలా పాతది. 1843లో లండన్‌లో డేనియల్ మెక్‌నాటన్ అనే అతను ప్రధానమంత్రి అనుకుని ఆయన కార్యదర్శిని కాల్చి చంపాడు. మతిస్థిమితం లేదని జ్యూరీ నిర్దోషిగా తేల్చింది. ఆ గొడవలోంచి వచ్చిన సూత్రమే (మతిస్థిమితం లేక, ఏం చేస్తున్నాడో తెలియని స్థితిలో చేసింది నేరం కాదని) మన పాత శిక్షాస్మృతి ఐపీసీలో 84వ సెక్షన్‌కు మూలం. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 22.

1916లో కలకత్తా యూనివర్సిటీలో సైకాలజీ శాఖ మొదలైంది. దాన్ని నడిపిన ఎన్.ఎన్. సేన్‌గుప్తా హార్వర్డ్‌లో హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ శిష్యుడు. ఆ మున్‌స్టర్‌బర్గే, సాక్షి జ్ఞాపకాన్ని ఎంతవరకు నమ్మొచ్చని 1908లోనే పుస్తకం రాసిన సైకాలజిస్టు. మన కోర్టుల్లో అది రోజూ కనబడేదే: గట్టు తగాదాలో పదేళ్లకు బోనెక్కిన సాక్షి, ఆ రోజు కాలవకు నీళ్లొదిలారా అంటే తడబడతాడు. అబద్ధమా, మరుపా? లా పుస్తకం ఒక్కటే చదివితే తేలదు.

2010లో సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోకుండా నార్కో పరీక్ష (మందిచ్చి మత్తులో ప్రశ్నలడగడం) చేయకూడదంది. 2015 బాల న్యాయ చట్టం, ఘోర నేరం చేశారంటున్న 16 దాటిన పిల్లల మానసిక స్థితి అంచనాకు సైకాలజిస్టుల సాయం తీసుకోవచ్చంది.

నెట్ సెంటర్ ప్రశ్నకు జవాబు ఆరో నిబంధనలోనే ఉంది: ఒకే సంస్థ నడిపే ఇంటిగ్రేటెడ్ కోర్సుకూ (మరో డిగ్రీ, లా కలిపి చదివేది), యూనివర్సిటీ దూరవిద్య కోర్సులకూ మినహాయింపు. కానీ దూరవిద్యలో సైకాలజీ కోర్సుల్ని 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి యూజీసీ ఆపేసింది. అంతకుముందు అలా చదివినవాళ్లయినా, క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు పెట్టుకోవడానికి లేదు. దానికి 1992 నాటి రీహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం ప్రకారం ఆ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కావాలి.