మా వాడు పొడుగండి, ఇంక మీ ఇష్టం: బాస్కెట్‌బాల్ కెరీర్ మీద అపోహలు, వాస్తవాలు

మే నెలలో సమ్మర్ క్యాంపు మొదలైన రోజు ఎవరో ఒక తండ్రి కుర్రాణ్ని నా ముందు నిలబెట్టి, భుజం మీద చెయ్యేసి చెబుతారు. "మాస్టారండీ, పదో తరగతికే అయిదడుగుల పదకొండండి. ఇంక మీ ఇష్టమండి." కొబ్బరి దింపుకి మనిషిని అప్పజెప్పినట్టే ఉంటుంది. గోదావరి లంకల్లో, కోనసీమలో చాలా ఏళ్లుగా పిల్లలతో ఆడిస్తున్నాను. తరచూ వినే మాటలకి ఒకేచోట జవాబు రాసుకుందామని ఇది.

అపోహ: పొడుగుంటే ఆటగాడవుతాడు. లేదంటే ఆడితే పొడుగవుతాడు.

ఆడితే పొడుగవరు. పొడుగువాళ్లని మేమే ఏరుకుంటాం కాబట్టి చూసేవాళ్లకి అలా అనిపిస్తుంది. ఎత్తు అమ్మానాన్నల నుంచి వస్తుంది, దానికి తిండీ నిద్రా తోడవ్వాలి. రింగు ఉండేది పదడుగుల ఎత్తున, అంటే 3.05 మీటర్లు. అందువల్ల ఎత్తు ఉపయోగమే, కాదనను. కానీ అయిదడుగుల మూడంగుళాల మగ్సీ బోగ్స్ అమెరికా ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు.

మొదటి రోజు నేను బంతి ఇవ్వను. పరిగెత్తించి ఆగమంటాను, పాదాలు చూస్తాను. మడమల మీద ఆగితే పని ఎక్కువ, ముందు పాదం మీద మోకాళ్లు వంచి ఆగితే సగం పని అయినట్టే. తర్వాత డ్రిబుల్ చేస్తూ, అంటే బంతిని నేలకి కొడుతూ, తల ఎత్తగలడా అన్నది చూస్తాను. ఈ విషయంలో మా కోర్టే మంచి గురువు. కింద రేగడి నేల కదా, వానల్లో ఉబ్బుతుంది, ఎండల్లో కుంగుతుంది, పైనున్న సిమెంటు బీటలు వారుతుంది. ఎడమవైపు మూలన ఒక బీట మీద బంతి పడితే పక్కకి లేచి మోచేతికి తగులుతుంది. మా పిల్లలకి అదెక్కడుందో చూడకుండానే తెలుసు. పొరుగూరి టీము వచ్చిందంటే వాళ్లని ఆ మూలకే తరుముతారు. నేను నేర్పలేదు లెండి.

అపోహ: ఐపీఎల్ లాగా కోట్లు, లేదంటే ఎన్‌బీఏ.

ఎన్‌బీఏలో 30 టీములు, టీముకి 15 పూర్తి కాంట్రాక్టులు. మొత్తం ప్రపంచానికి 450 చోట్లు. 2015లో డ్రాఫ్టులో, అంటే టీములు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే చోట, 52వ స్థానంలో ఎంపికైన సత్నామ్ సింగ్ అక్కడిదాకా వెళ్లిన మొదటి భారతీయుడు. అతను కూడా ఎన్‌బీఏ లీగు మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. మన దేశంలో లీగులు వచ్చాయి, పోయాయి. ఏడాదంతా జీతమిచ్చి నిలబడిన లీగు లేదు.

ఇక్కడ ఆటగాణ్ని పోషించేది ఉద్యోగం. రైల్వే, సర్వీసెస్ (సైనిక దళాల జట్టు), ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్, ఇన్‌కమ్ ట్యాక్స్, ఓఎన్‌జీసీ. ఓఎన్‌జీసీ అనగానే మనకి రిగ్గులూ గ్యాసు పైపులే గుర్తొస్తాయి గానీ, దేశంలో పేరున్న టీముల్లో వాళ్లదొకటి. భారత జట్టుకి చాలా ఏళ్లు కెప్టెన్‌గా ఉన్న విశేష్ భృగువంశీ ఆడింది ఆ టీముకే. నెల జీతం, ప్రాక్టీసుకి వెసులుబాటు, మోకాలు పోయినా కుర్చీ మిగులుతుంది. నా లెక్కలో ఇది చిన్న కెరీరేమీ కాదు.

అపోహ: ఇంటర్ రెండేళ్లు ఆపి, బీటెక్‌లో మళ్లీ ఆడుకోవచ్చు.

మన జిల్లాల్లో ఆటగాళ్లు రాలిపోయేది ఇక్కడే. ఎత్తు చాలక మానేసినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు, ఇంటర్‌లో ఆగిపోయినవాళ్లు మాత్రం వీధికొకరున్నారు. జాతీయ బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ పోటీల్లో యూత్ అంటే అండర్-16, జూనియర్ అంటే అండర్-18. ఇంటర్ సరిగ్గా ఆ జూనియర్ వయసులోనే పడుతుంది. రాష్ట్ర జట్టుకి ఎంపిక జరిగే రోజున కుర్రాడు హాస్టల్లో స్టడీ అవర్‌లో ఉంటాడు.

నేనూ ఆపినవాణ్నే. చేర్పించేటప్పుడు గ్రౌండ్ ఉందా అని మా నాన్నగారు అడిగితే, "ఉందండి, పెద్దదే" అన్నారు కాలేజీవాళ్లు. నిజంగానే ఉంది, కాలేజీ బస్సులు పెట్టుకోడానికి. రెండేళ్ల తర్వాత బంతి పట్టుకుంటే చేతులకి గుర్తుంది, కాళ్లకి లేదు. నా వెనక ఆడినవాళ్లు నన్ను దాటి వెళ్తుంటే బెంచీ మీద కూర్చుని చూశాను.

అందుకే తల్లిదండ్రుల్ని నేను అడిగేది ఒక్కటే: హాస్టల్ వద్దు, ఇంటి నుంచి వెళ్లే కాలేజీ చూడండి, రోజూ గంటన్నర నాకివ్వండి. మార్కులు తగ్గుతాయా అంటే, కొందరికి తగ్గుతాయి. అబద్ధం చెప్పను.

అపోహ: పౌడర్లు తాగితేనే ఒళ్లొస్తుంది.

పైన చెప్పిన సత్నామే 2020లో డోపింగ్ కేసులో రెండేళ్ల నిషేధం ఎదుర్కొన్నాడు. పరీక్షలో దొరికిన హైజినమైన్ అనే నిషేధిత పదార్థం కొన్ని సప్లిమెంట్లలో కూడా ఉంటుంది. డబ్బా మీద రాయనిది లోపల ఉండొచ్చు. గుడ్లు, చేపలు, పెరుగు, ఉడికించిన శనగలు చాలు. చేపలకి మన దగ్గర కరువా?

అపోహ: సర్టిఫికెట్లు ఎన్ని ఉంటే అంత మంచిది.

ఈమధ్య ఒకావిడ ప్లాస్టిక్ ఫోల్డరు తెచ్చారు. కవర్లలో పదిహేడు సర్టిఫికెట్లు, వరుసగా, తేదీల ప్రకారం. మండలం, డివిజను, జిల్లా, ఒక క్లబ్బు వాళ్ల సంక్రాంతి కప్పు. "స్పోర్ట్స్ కోటాకి చాలతాయాండి?" అన్నారు. ఒక్కటీ చాలదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి అడిగేవి వేరు. దేశానికి ఆడితే ఫారం 1. రాష్ట్రం తరఫున జాతీయ పోటీలు ఆడితే ఫారం 2. యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు ఆడితే ఫారం 3. రాష్ట్ర స్కూల్ జట్టులో జాతీయ స్కూల్ గేమ్స్ ఆడితే ఫారం 4. జిల్లా మెడల్ ఇంట్లో గోడకి అందం.

ఆవిడ ముఖం చూసి నాకే బాధేసింది. వాళ్ల అబ్బాయిది డిగ్రీ మొదటి ఏడాది. స్కూల్ దారి మూసుకుపోయింది గానీ నన్నయ యూనివర్సిటీ జట్టు సెలక్షన్లకి ఇంకా టైముంది. ఫోల్డరు ఇంట్లో పెట్టేసి, అబ్బాయిని పొద్దున్న అయిదున్నరకి పంపమన్నాను. వస్తున్నాడు. మడమల మీద ఆగుతున్నాడు, ముందు అది మార్చాలి.