మట్టం తెలిసినా ప్రవాహం తెలియదు: నదుల కొలత వెనుక చరిత్ర

వరదల సమయంలో నదిలో ఇన్ని లక్షల క్యూసెక్కుల నీరు ప్రవహిస్తోందని వార్తల్లో చదివినప్పుడు, ఆ పరిమాణాన్ని ఎవరో నేరుగా కొలిచారనే అనుకుంటాం. చాలా చోట్ల కొలిచేది నీటిమట్టాన్ని మాత్రమే; ప్రవాహం దాని ఆధారంగా కట్టిన లెక్క. ఉపగ్రహాలు, కెమెరాలు, కృత్రిమ మేధ వంటి కొత్త పద్ధతుల విలువ తేల్చాలంటే ముందుగా ఈ తేడాను గమనించాలి.

నీటిమట్టాన్ని కొలవడం ప్రాచీన కాలం నుంచీ ఉన్నదే. కైరోలోని రోడా ద్వీపంలో 861లో కట్టిన నైలోమీటరులో (నైలు నది మట్టాన్ని కొలిచే కట్టడం), రాతి స్తంభంపై చెక్కిన గీతలను బట్టి ఆ ఏటి పంటనూ పన్నునూ అంచనా వేసేవారు. ఆ అవసరానికి మట్టం ఒక్కటే సరిపోయింది. నదీ ఛేదం (నదిని అడ్డంగా కోస్తే కనిపించే నీటి తలం) వైశాల్యాన్ని వేగంతో గుణిస్తే ప్రవాహం వస్తుందని ఇటలీకి చెందిన కాస్టెల్లి స్పష్టంగా చెప్పింది 1628లో. 1674లో ఫ్రాన్స్‌కు చెందిన పియెర్ పెరో అక్కడి సేన్ నది ఎగువ ప్రాంతంలో ఏడాది వర్షపాతాన్నీ నదీ ప్రవాహాన్నీ పోల్చి, వాన నీరు నదికి అవసరమైనదానికి సుమారు ఆరు రెట్లు ఉందని చూపించాడు. సముద్రపు నీరే భూగర్భ మార్గాల గుండా నదులకు చేరుతుందనే పాత నమ్మకానికి ఆ ముతక లెక్కే గట్టి దెబ్బ.

ఇప్పటికీ వాడుకలో ఉన్న పద్ధతి స్థిరపడింది మాత్రం 19వ శతాబ్దంలోనే. నది అడ్డంగా పలు చోట్ల లోతు చూసి, ప్రతి చోటా ఉపరితలం నుంచి లోతులో పదింట ఆరో వంతు దగ్గర నీటి వేగాన్ని కొలిచే కరెంట్ మీటరును దించితే, అక్కడి సగటు వేగం దాదాపుగా దొరుకుతుంది. వేర్వేరు మట్టాల వద్ద ఇలా కొలిచి, ఏ మట్టానికి ఎంత ప్రవాహమో చూపే బిందువులను కలుపుతూ గీసిన గీతే రేటింగ్ కర్వ్. ఆ తర్వాత రోజూ గేజ్ (మట్టం చూపే కొలబద్ద) చూస్తే చాలు, కర్వ్ నుంచి ప్రవాహం తెలుస్తుంది. చిక్కు ఏమిటంటే, వరదకు నది అడుగు కోసుకుపోయినా, ఇసుక మేట వేసినా అదే మట్టానికి ప్రవాహం మారిపోతుంది. పైగా అతిపెద్ద వరదలో మీటరు దించే అవకాశమే ఉండదు కనుక కర్వ్ పైభాగం ఎక్కువగా ఊహ మీద పొడిగించిందే. ఆనకట్టల, వంతెనల రూపకల్పనకు కావలసింది సరిగ్గా ఆ భాగమే.

డాప్లర్ పరికరాలు ఈ ఇబ్బందిని కొంత తగ్గించాయి. నీటిలో తేలే రేణువుల నుంచి తిరిగివచ్చే ధ్వనిలోని మార్పును బట్టి ఇవి వేగాన్నీ, అడుగు నుంచి వచ్చే ప్రతిధ్వనిని బట్టి లోతునూ చెబుతాయి. పడవ ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు చేరేలోగా కొలత పూర్తవుతుంది. పడవ దించలేని వరదలో వంతెన మీది కెమెరా నురగ, చెత్త కదలికను బట్టి ఉపరితల వేగాన్ని పట్టుకుంటుంది.

సరస్సుల విషయం కొంత సులువు. 1972 నుంచి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు నీటి విస్తీర్ణాన్ని చూపుతున్నాయి. సముద్రాల కోసం 1992లో పంపిన టోపెక్స్/పొసైడాన్ ఉపగ్రహం పెద్ద సరస్సుల మట్టాన్నీ అందించింది, అయితే తన దారి కింద పడిన వాటికే. 2022 డిసెంబరులో నాసా, ఫ్రెంచ్ అంతరిక్ష సంస్థ కలిసి ప్రయోగించిన స్వాట్ ఉపగ్రహం, 10 మీటర్ల దూరంలో ఉన్న రెండు రాడార్ యాంటెన్నాలతో వెడల్పాటి పట్టీలను చూస్తూ, 100 మీటర్లకు మించిన వెడల్పున్న నదుల ఎత్తు, వెడల్పు, వాలులను కొలుస్తోంది. నీటి కింది అడుగు దానికీ కనబడదు. అందువల్ల ప్రవాహం కావాలంటే లోతునూ అడుగు గరుకుదనాన్నీ అంచనా వేసి, వాటి నుంచీ వాలు నుంచీ నీటి వేగాన్ని లెక్కగట్టే 1889 నాటి మానింగ్ సూత్రం వంటి వాటినే ఆశ్రయించాలి.

కృత్రిమ మేధలో భాగమైన యంత్ర అభ్యాస నమూనాలు వందలాది పరీవాహక ప్రాంతాల రికార్డుల నుంచి నేర్చుకుని, గేజ్ లేని నదులకూ ప్రవాహాన్ని అంచనా వేస్తున్నాయి. ఆ రికార్డులు మళ్లీ రేటింగ్ కర్వ్‌ల నుంచి వచ్చినవే. అవి ఉత్తర అమెరికా, ఐరోపాల నుంచి దండిగా ఉండగా, ఎడారి, ఉష్ణమండల నదుల నుంచి బహిరంగంగా దొరికేవి తక్కువ. నమూనా అవసరం ఎక్కువగా ఉన్నచోటే దాన్ని సరిచూసే కొలతలు కొరవడుతున్నాయి.