పాత స్పోర్ట్స్ బైక్ ఇంజిన్ ఇంట్లో విప్పేవాళ్ళు నమ్మే అపోహలు, అసలు వాస్తవాలు

"టాపెట్ సౌండ్ (వాల్వుల దగ్గర టిక్ టిక్ చప్పుడు) వస్తోంది అన్నా, ఏం చేయాలి" అని అడిగేవాళ్ళు బోలెడుమంది. "ఇంజిన్ మరీ సైలెంట్ అయిపోయింది, ఒకసారి విప్పి చూడాలా" అని అడిగినవాడు మాత్రం ఇంతవరకు ఒక్కడూ తగల్లేదు. అసలు కంగారు పడాల్సింది ఆ రెండో బండికి. ఎనభైలు, తొంభైల నాటి కార్బొరేటర్ ఫోర్ సిలిండర్ బళ్ళు, నావీ ఫ్రెండ్స్‌వీ, చాన్నాళ్ళుగా విప్పి బిగిస్తున్నా. మళ్ళీ మళ్ళీ చెవిన పడే మాటలు కొన్ని తీసుకుని వాటిలో నిజమెంతో రాస్తున్నా.

అపోహ: చప్పుడు లేదంటే వాల్వులు బాగున్నట్టే

ఇంజిన్ల ప్రాణం తీసేది ఎక్కువగా ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తా. క్యామ్ (తిరుగుతూ వాల్వుల్ని తెరిచే కడ్డీ) కింద షిమ్ (గ్యాప్ సరిచేసే చిన్న లోహపు బిళ్ళ), బకెట్ (వాల్వు కాడ మీద బోర్లించిన గిన్నెలాంటి ముక్క) ఉండే ఇంజిన్లలో బండి తిరిగేకొద్దీ వాల్వు తన సీటుని కొట్టుకుని కొట్టుకుని కొంచెం కొంచెంగా అందులోకి కూరుకుపోతుంది, దాంతో వాల్వు కాడ క్యామ్ వైపు జరిగి, క్యామ్‌కీ బకెట్‌కీ మధ్య ఉండాల్సిన గ్యాప్ తగ్గుతూ వస్తుంది. గ్యాప్ తగ్గితే చప్పుడూ తగ్గుతుంది, మనం "అబ్బ ఎంత స్మూత్‌గా ఉందో" అని మురిసిపోతాం. ఎగ్జాస్ట్ వాల్వు చల్లబడేది ముఖ్యంగా సీటు మీద కూర్చున్న ఆ కాస్త టైంలోనే, ఎక్కువ వేడి సీటు ద్వారానే హెడ్‌లోకి పోతుంది. గ్యాప్ పూర్తిగా పోయాక ఇంజిన్ వేడెక్కితే కాడ సాగి వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట ఆ సందులోంచి దూసుకుపోయి వాల్వు అంచు కాలిపోతుంది. పొద్దున్నే స్టార్ట్ అవడానికి మొండికేయడం, ఐడిల్ నిలకడగా లేకపోవడం, ఇవే మొదట కనిపించేవి, మనమేమో కార్బొరేటర్‌ని తిడుతూ కూర్చుంటాం.

నా బండికి మాన్యువల్లో ఎగ్జాస్ట్ గ్యాప్ 0.16 నుంచి 0.22 మి.మీ. అని ఉంది. కవర్ విప్పి ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న బ్లేడుల సెట్) పెడితే ఎనిమిది ఎగ్జాస్ట్ వాల్వుల్లో మూడింటికి 0.10 బ్లేడు దూరనే లేదు. ఒకదానికైతే 0.09 బ్లేడు పట్టి పట్టి కదిలింది. విప్పకముందు ఆ ఇంజిన్ నుంచి చిన్న టిక్ కూడా లేదు మరి.

లెక్క చాలా సింపుల్. పాత షిమ్ మందానికి కొలిచిన గ్యాప్ కలిపి, కావాల్సిన గ్యాప్ తీసేస్తే కొత్త షిమ్ సైజు వస్తుంది. పాతది 2.70, గ్యాప్ 0.09, నాకు కావాల్సింది 0.19 అనుకోండి, అప్పుడు 2.60 షిమ్ వేయాలి. షిమ్ మీద అంకెని గుడ్డిగా నమ్మొద్దు, మైక్రోమీటర్‌తో కొలవండి, ఎందుకంటే ముందు విప్పినవాడు ఏం చేశాడో మనకి తెలీదు. పదహారు వాల్వులకీ కాగితం మీద గడులు గీసుకుని ఏ వాల్వుకి ఏ షిమ్, ఎంత గ్యాప్ అని రాసుకుంటే ఒకచోట తీసింది ఇంకోచోట సరిపోవడం కూడా తెలుస్తుంది, నాకు అలా కొత్తవి రెండే కొనాల్సొచ్చింది. ఇదంతా ఇంజిన్ రాత్రంతా చల్లబడ్డాకే చేయాలి, గోరువెచ్చగా ఉన్నా కొలత తప్పుతుంది.

అన్ని పాత బళ్ళకీ షిమ్‌లు ఉండవు లెండి. 1984 కవాసాకీ జీపీజెడ్ 900ఆర్, 1985 సుజుకీ జీఎస్‌ఎక్స్-ఆర్ 750 లాంటి వాటిలో రాకర్ ఆర్మ్ (క్యామ్ కదలికని వాల్వుకి అందించే చెయ్యి లాంటి ముక్క) మీద స్క్రూ, లాక్‌నట్ ఉంటాయి, క్యామ్ తీయకుండానే సెట్ చేసుకోవచ్చు. మీది ఏ టైపో ముందు చూసుకోండి.

అపోహ: చెయ్యి తిరిగినవాడికి టార్క్ రెంచ్ అక్కర్లేదు

నేనూ ఇలాగే అనుకునేవాణ్ణి. తర్వాత బుద్ధొచ్చి టార్క్ రెంచ్ (సెట్ చేసినంత బిగింపు రాగానే క్లిక్‌మనే పానా) కొన్నా, కాకపోతే కొన్నది పెద్దది, చక్రాల నట్లకి వాడేది. దాన్ని 12 న్యూటన్ మీటర్లకి తిప్పి క్యామ్ క్యాప్ (క్యామ్‌ని హెడ్‌కి పట్టి ఉంచే ముక్క) బోల్టు మీద పెట్టి క్లిక్ కోసం చూస్తున్నా, క్లిక్ రాదు, ఇంకొంచెం, ఇంకొంచెం, అంతలో చేతి కింద బోల్టు ఒక్కసారిగా మెత్తబడిపోయింది. ఆ ఫీలింగ్ తెలిసినవాళ్ళకి కడుపులో ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. బోల్టు బయటికి తీస్తే హెడ్‌లోని అల్యూమినియం థ్రెడ్ దానికి సన్న స్ప్రింగులా చుట్టుకుని వచ్చింది. హెలికాయిల్ (పాడైన థ్రెడ్ చోట పెట్టే తీగ చుట్ట) వేసి బాగుచేశాం గానీ తప్పు పూర్తిగా నాదే. పెద్ద రెంచ్ తన స్కేలు అడుగు భాగంలో కరెక్టుగా పనిచేయదు. ఆరు మి.మీ. బోల్టులకి చిన్న టార్క్ రెంచ్ విడిగా ఉండాల్సిందే.

క్యామ్ క్యాప్‌లు వదులు చేసేటప్పుడు కూడా ఒక్కో బోల్టుకి పావు చుట్టు చొప్పున, మాన్యువల్లో ఇచ్చిన ఆర్డర్లోనే వదలాలి. కింద వాల్వు స్ప్రింగులు క్యామ్‌ని పైకి తోస్తుంటాయి, ఒకవైపు ముందే పూర్తిగా విప్పేస్తే బరువంతా మిగతా క్యాప్ మీద పడి అది పగలొచ్చు. ఆ క్యాప్‌లని హెడ్‌తో కలిపే మెషినింగ్ చేస్తారు, అందుకే ఒకదాని చోట ఇంకోటి పెట్టకూడదు, పగిలితే ఒక్క క్యాప్ కొనుక్కుందాం అన్నా కుదరదు.

ఇదే లైన్లో ఇంకోటి, క్యామ్ చైన్‌ని బిగుతుగా ఉంచే టెన్షనర్ బోల్టులు "కొంచెం లూజ్ చేసి మళ్ళీ బిగించా అంతే" అంటారు. ఆటోమేటిక్ టెన్షనర్ లోపల ఒకవైపే కదిలే పళ్ళుంటాయి. బోల్టు వదులైన క్షణంలో బాడీ వెనక్కొస్తుంది, లోపలి కడ్డీ ముందుకి జరిగి లాక్ అవుతుంది, అలాగే బిగిస్తే క్యామ్ చైన్ మీద విపరీతమైన టైట్. ముట్టుకుంటే పూర్తిగా బయటికి తీసి కడ్డీని వెనక్కి సెట్ చేసి అప్పుడే బిగించాలి.

అపోహ: పాత బండి స్క్రూలు ఎలాగూ మెత్తబడిపోయుంటాయి

స్క్రూ తప్పు కాదండీ, స్క్రూడ్రైవర్ తప్పు. జపాన్ బళ్ళలో ప్లస్ గుర్తులా కనిపించేవి జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) స్క్రూలు, చాలావాటికి తల మీద చిన్న చుక్క ఉంటుంది. మామూలు ఫిలిప్స్ బిట్ వాటిలో అడుగుదాకా దిగదు, తిప్పగానే పైకి ఎగిరి తల చెక్కేస్తుంది. జేఐఎస్ డ్రైవర్ ఒకటి కొనండి, కార్బొరేటర్ బౌల్ (అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) స్క్రూలు మొరాయించకుండా వస్తాయి.

అపోహ: సింథటిక్ ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది

క్లచ్ జారేది సింథటిక్ వల్ల కాదు, కార్ల కోసం ఇంధనం ఆదా అని అమ్మే కొన్ని ఆయిల్స్‌లో కలిపే ఫ్రిక్షన్ మాడిఫయర్ల (రాపిడి తగ్గించే రసాయనాల) వల్ల. ఈ తలనొప్పి తీర్చడానికే 1998లో జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) గ్రేడులు వచ్చాయి. డబ్బా మీద ఎంఏ లేదా ఎంఏ2 ఉంటే తడి క్లచ్‌కి (ఇంజిన్ ఆయిల్లోనే తిరిగేదానికి) ఓకే, ఎంబీ అని ఉంటే వద్దు. మినరలా సింథటికా అన్న గొడవ తర్వాత పడొచ్చు.

అపోహ: కార్బొరేటర్‌లోకి క్లీనర్ స్ప్రే కొడితే సరిపోతుంది

పైలట్ జెట్ (ఐడిల్‌లో పెట్రోల్ అందించే సన్న రంధ్రపు ముక్క) నంబరు 38 అంటే దాదాపు 0.38 మి.మీ. రంధ్రం అన్నమాట. నెలల తరబడి నిలవున్న పెట్రోల్ అందులో జిగురులా ఎండిపోతే బయటినుంచి కొట్టిన స్ప్రే అక్కడిదాకా పోనే పోదు. బౌల్ విప్పి, జెట్ తీసి, నానబెట్టి, గాలి కొట్టి, వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడాలి, గుండ్రటి వెలుగు చుక్క కనిపించాలి. స్టీలు తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదైపోయి ఆ జెట్ ఇక పనికిరాదు.

ఇంకా కార్బొరేటర్లు సింక్ (నాలుగూ ఒకేలా పనిచేసేలా సరిచేయడం) చేసేముందు వాల్వు గ్యాప్ అయిపోవాలి. టైట్ వాల్వులతో వాక్యూమ్ గేజ్ పెట్టి సింక్ చేస్తే రేపు షిమ్ మార్చగానే ఆ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. అంతకన్నా ముందు ఇన్‌టేక్ రబ్బర్లు (కార్బొరేటర్‌ని ఇంజిన్‌కి కలిపేవి) పగిలాయేమో చూడండి, ఒకసారి నాలుగు కార్బొరేటర్లూ రెండుసార్లు విప్పి కడిగాక చూస్తే తప్పంతా ఊడిపోయిన ఒక చిన్న రబ్బరు క్యాప్‌ది, కొండని తవ్వి ఎలుకని పట్టినట్టయింది.

అపోహ: ఆయిల్ లెవెల్ పెరిగితే మంచిదేగా

అస్సలు కాదు. ఆయిల్ తనంతట తను పెరగదు. వాక్యూమ్‌తో పనిచేసే పెట్రోల్ ట్యాప్‌లో డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర) చిరిగినా, ట్యాప్ మూసుకోకపోగా ఫ్లోట్ నీడిల్ (బౌల్ నిండగానే పెట్రోల్ ఆపే సూది) కూడా సరిగ్గా కూర్చోకపోయినా, బండి నిలబెట్టి ఉండగానే పెట్రోల్ సిలిండర్లోకి, అక్కడినుంచి ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ క్యాప్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే స్టార్టర్ బటన్ మీద వేలు పెట్టొద్దు, సిలిండర్లో పెట్రోల్ నిండి ఉంటే పిస్టన్‌కి అది నొక్కుడుపడదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులు తీసి, వైర్లని రంధ్రాలకి దూరంగా ఎర్త్ చేసి ఇంజిన్ తిప్పి సిలిండర్లు ఖాళీ చేయండి, ట్యాప్ రిపేర్ చేయండి, ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చండి, అప్పుడు స్టార్ట్ చేసుకోండి.